గ్యారేజ్‌లో ఏసీ: చల్లదనం సరే, వేడి ఎటు పోతోంది?

రెగ్యులర్‌గా చూసేవాళ్లకి నా వెనకాల చూడగానే అర్థమైపోయి ఉంటుంది, ఇది మన గ్యారేజ్ కాదు. హాల్లో కర్టెన్ ముందు కూర్చుని రికార్డ్ చేస్తున్నా. మధ్యలో మిక్సీ సౌండ్ వస్తే అడ్జస్ట్ అయిపోండి, లోపల అమ్మ గోంగూర పచ్చడి చేస్తోంది. మూడు వారాలుగా ఎపిసోడ్ ఎందుకు రాలేదని చాలామంది అడిగారు. ఛానెల్ మూసేశానా అని కూడా అడిగారు. లేదు. ఏం జరిగిందో ఈ రోజు పూర్తిగా చెప్తా. మీలో ఎవరికైనా ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంటే చివరిదాకా వినండి.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. మన ఊళ్లో గ్యారేజ్ అంటే మెకానిక్ షెడ్డు, లేదంటే ఆర్టీసీ బస్సులు పెట్టే చోటు. నేను చెప్పేది అమెరికాలో ఇంటికి అతుక్కుని ఉండే కారు గది. మేము డల్లాస్ పక్కన ఉంటాం. రెండు కార్లు పట్టే గ్యారేజ్. ఒక కారు బయటే ఉంటుంది. ఆ ఖాళీలో నా ట్రెడ్‌మిల్, కెమెరా, లైట్లు. మిగతా సగంలో మా ఆవిడ కారు, ఒక ఎక్స్‌ట్రా ఫ్రిజ్. ఇక్కడ మనవాళ్ల ఇళ్లలో రెండో ఫ్రిజ్ గ్యారేజ్‌లో ఉండటం మామూలే, ఆవకాయ జాడీలు, ఇండియన్ స్టోర్ నుంచి తెచ్చిన కరివేపాకు, చేపలు అన్నీ అందులోనే. ఒక మూల గ్యాస్ వాటర్ హీటర్. ఈ హీటర్‌ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తా.

మా గ్యారేజ్ తలుపు పడమర వైపు. సన్నటి ఇనుప రేకు తలుపు, లోపల ఏ పొరా లేదు. టెక్సాస్‌లో జూలై అంటే మనకి రోహిణి కార్తె లాంటిదే, కాకపోతే రెండు నెలలు ఉంటుంది. సాయంత్రం ఐదింటికి లోపల థర్మామీటర్ పెడితే 108 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 42 సెల్సియస్. కెమెరా పది నిమిషాలకి వేడెక్కి ఆగిపోయేది. నేను అంతకంటే ముందే ఆగిపోయేవాణ్ణి.

ఇంటికి సెంట్రల్ ఏసీ ఉంది కదా, దాన్నుంచి ఒక డక్ట్ గ్యారేజ్‌లోకి లాగొచ్చు కదా అని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. మా ఫ్రెండ్ ఒకడు అలా చేసుకున్నాడు కూడా. అది చెయ్యకూడదు. ఇక్కడ ఇళ్ల నిర్మాణ నిబంధనల్లోనే ఉంది: ఇంటి లోపలి గదులకి గాలి ఇచ్చే సిస్టమ్ గ్యారేజ్‌కి గాలి ఇవ్వకూడదు, అక్కణ్ణుంచి తీసుకోకూడదు. కారు పొగ, పెట్రోల్ ఆవిరి, పెయింట్ డబ్బాల వాసన, ఇవన్నీ ఆ డక్ట్ దారిలో పడగ్గదిలోకి వస్తాయి. ఇంటికీ గ్యారేజ్‌కీ మధ్య గాలి కలవకూడదు, అంతే.

సో, పోర్టబుల్ ఏసీ కొన్నా. చక్రాల మీద దొర్లే డబ్బా, వెనకాల ఏనుగు తొండంలాంటి గొట్టం. బాక్స్ మీద పెద్ద అక్షరాలతో 14,000 బీటీయూ అని ఉంది. ఒక టన్ను అంటే 12,000 బీటీయూ కాబట్టి టన్ను కంటే ఎక్కువే, సరిపోద్ది అనుకున్నా. అదే బాక్స్ మీద చిన్న అక్షరాలతో ఇంకో అంకె ఉంటుంది, ఎస్‌ఏసీసీ అని. అది చాలా తక్కువ ఉంటుంది. అది ఎందుకు తక్కువో తర్వాత నాకు బాగా తెలిసొచ్చింది. పోర్టబుల్ ఏసీ కొనేవాళ్లు ఎప్పుడూ ఆ చిన్న అంకె చూసి కొనండి.

మొదటి రోజు ఆత్రంలో గొట్టం ఎటూ పెట్టకుండానే ఆన్ చేశా. ముందు నిలబడితే చల్లగా ఉంది. అరగంట తర్వాత గది మొత్తం ఇంకా వేడెక్కింది. అప్పుడే మా నాన్న లోపలికి వచ్చారు. అమ్మానాన్న జూన్‌లోనే గుంటూరు నుంచి వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. నాన్న గురించి ఎప్పుడూ చెప్పలేదు మీకు. ఆయన మిర్చి కోల్డ్ స్టోరేజ్‌లో ఆపరేటర్‌గా చేసి రిటైర్ అయ్యారు. గుంటూరు చుట్టుపక్కల వాళ్లకి తెలుసు, యార్డులో అమ్ముడు కాని మిర్చి టిక్కీలు సీజన్ అయిపోయాక కోల్డ్ స్టోరేజ్‌లకి వెళ్తాయి. అక్కడ పెద్ద అమ్మోనియా కంప్రెసర్లు తిరుగుతుంటాయి. నాన్న జీవితమంతా ఆ చప్పుడులోనే గడిచింది, అందుకే కొంచెం గట్టిగా మాట్లాడతారు.

ఆయన వచ్చి, ఏసీని ఒక రౌండ్ కొట్టి చూసి, "ఏందిరా అబ్బాయ్, వేడి ఎటు పోద్ది?" అన్నారు.

ముందు చల్లగా వస్తోంది కదా నాన్నా, అన్నా.

"ముందు సంగతి అడగలా. ఎనక చెయ్యి పెట్టు."

పెట్టా. కాలింది.

అప్పుడు ఆయన చెప్పింది మీకు నా మాటల్లో చెప్తా. ఏసీ చలిని తయారు చెయ్యదు. చలి అనే సరుకు ఏదీ లేదు. లోపల ఉన్న వేడిని పట్టుకుని బయట పారేస్తుంది, కూలీ బస్తా మోసినట్టు. మోసినందుకు కరెంటు తింటుంది, ఆ తిన్న కరెంటు కూడా చివరికి వేడే అవుతుంది. లెక్క చూడండి. 14,000 బీటీయూ అంటే సుమారు 4.1 కిలోవాట్ల వేడి లోపల్నుంచి తీస్తుందనుకుందాం. కరెంటు సుమారు 1.3 కిలోవాట్లు. ఆ గొట్టంలోంచి బయటికి పోవాల్సింది రెండూ కలిపి 5.4 కిలోవాట్లు. గొట్టం గదిలోనే వదిలేస్తే? ముందు నుంచి 4.1 తీసి, వెనక నుంచి 5.4 వదులుతున్నట్టు. మిగిలింది 1.3 కిలోవాట్ల రూమ్ హీటర్. ఇక్కడ చలికాలంలో మంచం పక్కన పెట్టుకునే చిన్న హీటర్లు 1,500 వాట్లు ఉంటాయి. అంటే నేను జూలైలో, టెక్సాస్‌లో, డబ్బు పెట్టి హీటర్ కొనుక్కుని దాని ముందు నిలబడి హాయిగా ఉందనుకుంటున్నా.

గ్యారేజ్‌లో ఉన్న ఫ్రిజ్ కూడా ఇదే పని చేస్తుందని నాన్న వెంటనే దాన్ని చూపించారు. లోపల చేపల్ని చల్లగా ఉంచి, ఆ వేడి మొత్తం గ్యారేజ్‌లోకి వదులుతుంది. అమ్మ వైపు చూశా. ఫ్రిజ్ కదలదు అని కళ్లతోనే చెప్పింది.

సరే, రెండో రౌండ్. గొట్టం బయటికి పెట్టాలి. గ్యారేజ్‌కి కిటికీ లేదు. తలుపు అడుగున ఒక జానెడు ఎత్తి, ఆ సందులో ఫోమ్ బోర్డు పెట్టి, బోర్డుకి గుండ్రంగా రంధ్రం కోసి, గొట్టం అందులోంచి బయటికి పంపా. గొట్టం ఎంత పొట్టిగా, వంకర లేకుండా ఉంటే అంత మంచిది. ఆ ప్లాస్టిక్ గొట్టమే వేడిగా ఉంటుంది, అదొక రేడియేటర్ లాగా గదిని మళ్లీ వేడి చేస్తుంది, కాబట్టి దానికి ఇన్సులేషన్ తొడుగు కూడా వేశా. ఈసారి 108 నుంచి 90కి దిగింది. బాగానే ఉంది. కానీ 90 దగ్గర ఆగిపోయింది. రాత్రి పదింటిదాకా తిరిగినా 89 కాలేదు.

ఎందుకు? ఇక్కడ అసలు విషయం ఉంది, కొంచెం ఓపిగ్గా వినండి. ఒక గొట్టం ఉన్న పోర్టబుల్ ఏసీ, వేడిని బయటికి తోయడానికి గదిలోని గాలినే వాడుకుంటుంది. గదిలో గాలి పీల్చి, కండెన్సర్ మీదుగా పంపి, వేడెక్కించి, గొట్టంలోంచి బయట పారేస్తుంది. అంటే మనం కష్టపడి చల్లబరిచిన గాలినే బయటికి పంపుతున్నాం. లెక్క కోసం నిమిషానికి 200 ఘనపు అడుగులు అనుకుందాం. మా గ్యారేజ్ 20 అడుగులు, 20 అడుగులు, ఎత్తు 9. అంటే 3,600 ఘనపు అడుగులు. 18 నిమిషాల్లో గ్యారేజ్ నిండా ఉన్నంత గాలి బయటికి పోతుంది. గాలి పోయిన చోట ఖాళీ ఉండదు కదా. ఎక్కడో సందు వెతుక్కుని అంతే గాలి లోపలికి రావాలి. బయట 104 డిగ్రీలు. ఆ 104 డిగ్రీల గాలి తలుపు పక్కల నుంచి, అటక మీద నుంచి, సందుల్లోంచి లోపలికి వస్తోంది. గదిని 80కి తేవాలనుకుంటే, వచ్చే ఆ గాలిని చల్లబరచడానికే గంటకి దాదాపు 5,000 బీటీయూ పోతుంది. బాక్స్ మీద చిన్న అంకె ఎందుకు చిన్నదో ఇప్పుడు అర్థమైందా? ఈ నష్టాన్ని, గొట్టం వేడిని కలుపుకుని లెక్కేసిన అంకె అది.

రెండు గొట్టాల మోడల్స్ కూడా ఉంటాయి. ఒక గొట్టంతో బయటి గాలి తీసుకుని, దాన్నే వేడెక్కించి రెండో గొట్టంతో బయటికి పంపుతుంది. గది గాలి చాలావరకు గదిలోనే ఉంటుంది. కొనేటప్పుడు నాకు ఆ తేడా తెలీదు, వంద డాలర్లు మిగిలాయని సంతోషించా.

ఇప్పుడు నా మూడో రౌండ్. నేను చేసిన పిచ్చి పని ఇదే, దీని కోసమే ఈ ఎపిసోడ్ చేస్తున్నా.

నాకు అనిపించింది ఏంటంటే, సందుల్లోంచి వేడి గాలి వస్తోంది కాబట్టి సందులన్నీ మూసేస్తే సరిపోతుంది. ఇంజినీర్‌ని కదా. శనివారం పొద్దున్నే మొదలుపెట్టా. తలుపు రేకుకి లోపలి వైపు ఫోమ్ ప్యానెల్స్ అంటించా. అది మంచి పనే, తప్పు లేదు, కాకపోతే తలుపు బరువు పెరుగుతుంది కాబట్టి పైన ఉండే స్ప్రింగ్ బ్యాలెన్స్ చూపించుకోవాలి. ఆ స్ప్రింగ్‌ని మాత్రం మీరు ముట్టుకోకండి, అది తెగితే మనిషి మిగలడు. తర్వాత తలుపు అంచులకి రబ్బరు పట్టీలు. అటక నిచ్చెన మూతకి ఫోమ్. ఇంటి తలుపుకి కొత్త పట్టీ. చివరగా, వాటర్ హీటర్ వెనక గోడకి కింద ఒకటి, పైన ఒకటి రెండు జాలీలు కనిపించాయి. ఇవెందుకు పెట్టార్రా, ఇందులోంచే కదా వేడి వస్తోంది అనుకుని, వాటికి కూడా ఫోమ్ బోర్డు కోసి టేప్ వేసేశా.

సాయంత్రానికి గ్యారేజ్ 84కి దిగింది. ఎంత సంబరపడ్డానో మీకు చెప్పలేను. మా ఆవిడకి థర్మామీటర్ ఫోటో తీసి పంపా, ఆమె పక్క గదిలోనే ఉంది. ఆ రాత్రి రెండు గంటలు ఎపిసోడ్ రికార్డ్ చేశా. నాన్న కూడా కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నారు, లోపల సీరియల్ నడుస్తోంది కాబట్టి. మర్నాడు కూడా అంతే. ఆదివారం రాత్రి నాన్న తల నొప్పి అన్నారు. కొంచెం వికారంగా ఉందన్నారు. బీపీ చూశాం, మామూలుగానే ఉంది. ప్రయాణ బడలిక అనుకుందామంటే వచ్చి నెల దాటింది. నాకూ తల బరువుగానే ఉంది, లైట్ల వల్ల అనుకున్నా. సోమవారం పొద్దున ఇద్దరికీ తగ్గిపోయింది. సాయంత్రం మళ్లీ గ్యారేజ్‌లో కూర్చున్నాం. మళ్లీ నొప్పి.

నాన్న లేచి మెల్లిగా గ్యారేజ్ చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. ఆయనకి ఒక అలవాటు ఉంది, ఏ మెషీన్ దగ్గరికెళ్లినా ముందు చెయ్యి పెట్టి చూస్తారు. ముప్పై ఏళ్లు అమ్మోనియా దగ్గర పనిచేసిన మనిషి, గాలి విషయంలో ఆయనకి అనుమానం ఎక్కువ. వాటర్ హీటర్ దగ్గర ఆగారు. లోపల అమ్మ గిన్నెలు కడుగుతోంది, అందుకని హీటర్ మండుతోంది. దాని నెత్తిన గొడుగులాంటి ఒక రేకు ఉంటుంది, డ్రాఫ్ట్ హుడ్ అంటారు. హీటర్‌కీ దానికీ మధ్య వేళ్లు దూరేంత ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీ దగ్గర చెయ్యి పెట్టారు.

"ఏసీ ఆపు," అన్నారు. ఆ గొంతు నేను చిన్నప్పుడు రెండు మూడుసార్లు విన్నా. ఎందుకు అని అడగకుండా ఆపేశా.

"మీ అమ్మనడిగి ఒక అగరుబత్తి పట్రా."

తెచ్చా. లాన్ మెషీన్, పెట్రోల్ డబ్బా అప్పటికే వెనక షెడ్డులో ఉన్నాయి. ఇది ముఖ్యం, పెట్రోల్ ఉన్న చోట అగరుబత్తి కూడా వెలిగించకూడదు. నాన్న దాని పొగని ఆ ఖాళీ దగ్గర పెట్టారు. మామూలుగా అయితే ఆ పొగ లోపలికి లాక్కుని, గొట్టంలోంచి పైకి పోవాలి. పైకి పోయింది. "ఇప్పుడు ఏసీ ఎయ్యి." వేశా. ఒక నిమిషం. పొగ తడబడింది. రెండో నిమిషానికి అటు పోవాల్సిన పొగ మా మొహాల మీదకి వచ్చింది. హీటర్ లోపల గ్యాస్ మండిన పొగ బయటికి పోవట్లేదు. తిరిగి గదిలోకి వస్తోంది.

నేను మూసిన సందులు గుర్తున్నాయా? ఏసీ నిమిషానికి 200 ఘనపు అడుగులు బయటికి తోడేస్తోంది. దానికి బదులు గాలి ఎక్కడో ఒకచోట నుంచి రావాలి. అన్ని దారులూ మూసేశా. మిగిలిన దారి ఒక్కటే, వాటర్ హీటర్ పొగ గొట్టం. ఆ పొగ గొట్టానికి ఫ్యాన్ ఏమీ ఉండదు, వేడి గాలి తేలిక కాబట్టి దానంతట అదే పైకి పోతుంది, మన పల్లెటూళ్లో పొయ్యి మీద పొగగూడు లాగే. చాలా తక్కువ బలం అది. ఏసీ ఫ్యాన్ ముందు నిలబడలేదు. నేను టేప్ వేసి మూసిన ఆ రెండు జాలీలు ఉన్నాయే, అవి బిల్డర్ మర్చిపోయిన కన్నాలు కాదు. హీటర్ మండడానికి కావాల్సిన గాలి కోసం పెట్టినవి.

గ్యాస్ బాగా మండితే వచ్చేది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. కానీ ఆ పొగే మళ్లీ మంట దగ్గరికి తిరిగొస్తే ఆక్సిజన్ తగ్గుతుంది, మంట సరిగ్గా మండదు, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలో హిమోగ్లోబిన్‌కి ఆక్సిజన్ కంటే 200 రెట్లకి పైగా గట్టిగా అతుక్కుంటుంది. మొదట తల నొప్పి, వికారం, నీరసం, తర్వాత నిద్ర. ఆ నిద్రతోనే చాలామంది పోతారు. ఎక్కడో ఎవరికో జరిగిందని పేపర్లో చదివినట్టు కాదు, మా నాన్న రెండు రోజులుగా కుర్చీలో కునికిపాట్లు పడుతుంటే సీరియల్ తప్పించుకోవడానికి వచ్చి నిద్రపోతున్నారని నేను కెమెరాలోంచి చూసి నవ్వుకున్నా. ఆ ఫుటేజ్ ఉంది నా దగ్గర. డిలీట్ చెయ్యలేదు, పోస్ట్ చెయ్యను.

మరి అలారం మోగలేదా అని అడుగుతారు. మా ఇంట్లో సీఓ అలారం ఉంది, పనిచేస్తోంది, కానీ అది లోపల పడగ్గదుల దగ్గర ఉంది. గ్యారేజ్‌లో లేదు. ఇంకో విషయం నాకు అప్పుడే తెలిసింది. ఇక్కడి ప్రమాణం ప్రకారం ఈ అలారాలు 70 పీపీఎం ఉంటే గంట నుంచి నాలుగు గంటల లోపు మోగుతాయి. 150 ఉంటే 10 నుంచి 50 నిమిషాలు. 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాలు. అంటే తక్కువ మోతాదులో గంటలకొద్దీ కూర్చుంటే అలారం ఒక్క కూత కూడా కూయకపోవచ్చు, తల మాత్రం నొప్పి పెడుతుంది. అలారం మోగలేదు కాబట్టి క్షేమం అనుకోకండి.

ఆ రాత్రి ఏం చేశామో త్వరగా చెప్తా. ఏసీ ఆపి, పెద్ద తలుపు మొత్తం ఎత్తేసి, అమ్మని, మా ఆవిడని, పిల్లని బయట లాన్‌లోకి తెచ్చి, 911కి ఫోన్ చేశా. ఫైర్ ఇంజిన్ వచ్చింది. అమ్మ భయపడింది, చుట్టుపక్కల వాళ్లు చూస్తున్నారని ఇంకా భయపడింది. తలుపు తెరిచి పావుగంట అయినా వాళ్ల మీటర్ ఇంకా అంకె చూపిస్తూనే ఉంది. నాన్న రక్తం పరీక్ష కోసం ఆసుపత్రికి వెళ్లాం, ఆక్సిజన్ పెట్టి తెల్లారేదాకా ఉంచారు. ఆయన ఇప్పుడు బాగున్నారు. బిల్లు గురించి అడగకండి, విజిటర్ ఇన్సూరెన్స్ వాళ్లతో ఇంకా మాట్లాడుతున్నా. ఒక ఫైర్‌మ్యాన్ గోడ మీద నా ఫోమ్ బోర్డు, టేప్ చూసి, ఇది ఎవరు వేశారు అని అడిగాడు. నేనే అన్నా. ఏమీ అనలేదు, బోర్డు పీకి నా చేతిలో పెట్టాడు.

ఇప్పుడు ఏం చేస్తున్నానో చెప్తా, ఎందుకంటే చాలామంది ఇదే సమస్యలో ఉన్నారని నాకు తెలుసు. పోర్టబుల్ ఏసీ ఇచ్చేశా. మినీ స్ప్లిట్ పెట్టిస్తున్నా, ఒక టన్నుది, మన ఇండియాలో ఇంట్లో ఉండే స్ప్లిట్ ఏసీ లాంటిదే. గోడకి లోపల ఒక యూనిట్, బయట ఒక యూనిట్, మధ్యలో రాగి పైపులు. వేడిని పైపులో గ్యాస్ మోసుకెళ్తుంది, గది గాలి బయటికి పోదు, గదిలో ఒత్తిడి తగ్గదు. అదే దీని గొప్పతనం. లైసెన్స్ ఉన్నవాడితో, సిటీ పర్మిట్‌తో పెట్టిస్తున్నా. ఆ రిఫ్రిజరెంట్ పని ఇక్కడ సర్టిఫికెట్ లేకుండా చెయ్యకూడదు. దానికి సొంతంగా కరెంటు లైను వేయిస్తున్నా, ఎందుకంటే గ్యారేజ్‌లో ఉన్న ఒకే లైను మీద ఏసీ, ఫ్రిజ్, ట్రెడ్‌మిల్ కలిపితే బ్రేకర్ పడిపోయేది. పడిందంటే ఫ్రిజ్ కూడా ఆగుతుంది, చేపలు కుళ్లుతాయి. సన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో ఏసీ నడిపేవాళ్లు ఒకసారి ఆ ప్లగ్ ముట్టుకుని చూడండి, గోరువెచ్చగా ఉన్నా ఆపేయండి.

తలుపు ఫోమ్ ఉంచేశా, అది నిజంగా పనిచేసింది. ఎండ లోపలికి రాకుండా ఆపడం, వచ్చిన వేడిని తోడడం కంటే చవక. కారు కూడా ఆఫీసు నుంచి రాగానే లోపల పెట్టట్లేదు, ఇంజిన్ చల్లారేదాకా ఒక గంట బయటే. ఒక టన్నున్నర బరువున్న వేడి ఇనుమును గదిలోకి తెచ్చి పక్కనే ఏసీ వేసుకోవడం ఏంటో నాకే ఇప్పుడు నవ్వొస్తోంది. ఏసీ పెట్టాక కూడా లోపల కారు స్టార్ట్ చేసి ఉంచకూడదు, తలుపు తెరిచి ఉన్నా సరే. జాలీలు తెరిచే ఉంటాయి. వాటి వల్ల కొంచెం వేడి వస్తుంది, వస్తే రానీ.

వాటర్ హీటర్ గురించి నాన్నకి ఒక విషయం చెప్తే తెగ నచ్చింది. హీట్ పంప్ వాటర్ హీటర్ అని ఉంది, కరెంటుది. అది గ్యారేజ్ గాలిలో ఉన్న వేడిని తీసి నీళ్లలోకి పంపుతుంది. అంటే నీళ్లు కాగుతుంటే గ్యారేజ్ కొంచెం చల్లబడుతుంది, తేమ కూడా తగ్గుతుంది. ఏసీకి బదులు కాదు, అది నడిచేది మనం నీళ్లు వాడినప్పుడే. కానీ మంట లేదు, పొగ లేదు. "వేడి ఎటు పోద్ది అంటే నీళ్లలోకి పోద్ది. ఇది పద్ధతి," అన్నారు నాన్న. వాళ్ల కోల్డ్ స్టోరేజ్‌లో మేడ మీద కండెన్సర్ పైపుల మీద రాత్రీపగలూ నీళ్లు ధారగా పడుతుండేవి, ఆ నీళ్లు పట్టుకుపోయిన వేడి అంతా వృథాగా గాలిలో కలిసిపోయేది. చలికాలం డ్యూటీలో ఆ పైపుల దగ్గర చేతులు కాచుకునేవాళ్లమని చెప్పారు. పాత హీటర్ బాగానే ఉంది కాబట్టి ఈ ఏడాదికి అదే ఉంటుంది, మారిస్తే ఇలాంటిదే పెట్టిస్తా.

ఇండియా నుంచి చూసేవాళ్లు, ఇదంతా అమెరికా గోల అనుకోకండి. మీలో చాలామంది పంపిన ఫోటోలు చూశా. షట్టర్ రూమ్‌లో మొబైల్ షాపు, మా నాన్న భాషలో మడిగె, తెలంగాణ వాళ్లయితే మల్గీ. లోపల ఏసీ, అవుట్‌డోర్ యూనిట్ మెట్ల కింద మూలలో. లేదా సెల్లార్ పార్కింగ్‌లో గోడకి నాలుగు యూనిట్లు వరసగా, ఒకదాని వేడి ఇంకోదాని మొహం మీదకి. అపార్ట్‌మెంట్ డక్ట్‌లో పది ఫ్లోర్ల యూనిట్లు పెడితే పై ఫ్లోర్ వాళ్ల ఏసీ కింద వాళ్ల వేడినే పీలుస్తుంది. ఇండియాలో ఏసీ సామర్థ్యం లెక్కేసేది బయట 35 డిగ్రీలు ఉన్నప్పుడు. ఆ మూలలో యూనిట్ చుట్టూ 50 ఉంటే అది చెప్పినంత చల్లదనం ఇవ్వదు, కరెంటు మాత్రం ఎక్కువ తింటుంది. గ్యాస్ అయిపోయిందని మెకానిక్‌ని పిలిచే ముందు బయటి యూనిట్ దగ్గరికెళ్లి ఒకసారి చెయ్యి పెట్టి చూడండి. అది వదిలిన వేడి గాలి తిరిగి దానికే వస్తోందేమో.

దీనికంటే ముఖ్యమైంది గ్యాస్ గీజర్. బాత్రూమ్‌లో గోడకి పెట్టుకునే ఎల్‌పీజీ గీజర్. చిన్న గది, తలుపు మూసి, కిటికీ మూసి, లోపల మంట. కొందరు ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అని ధైర్యంగా ఉంటారు. గాలి లోపలికి వచ్చే దారి లేకుండా ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేస్తే ఏమవుతుందో నా గ్యారేజ్ కథ మళ్లీ విన్నట్టే. ఫ్యాన్ ఉన్నా, వెంటిలేటర్ మూసి ఉంటే, గీజర్ పొగ గొట్టం బయటికి లేకపోతే, ఆ గది ప్రమాదమే. స్నానానికి వెళ్లిన మనిషి బయటికి రాలేదనే వార్తలు ప్రతి చలికాలం మన దగ్గరే వస్తుంటాయి. గీజర్‌ని బాత్రూమ్ బయట, బాల్కనీలో పెట్టించి పైపుతో వేడి నీళ్లు లోపలికి తెచ్చుకోండి. అద్దె ఇల్లయితే ఓనర్‌తో గొడవపడండి. ఓనర్ వినకపోతే బకెట్‌లో హీటర్ రాడ్ అని మొదలెట్టకండి, దానికి ఇంకో ఎపిసోడ్ కావాలి. పొయ్యి మీద కాచుకోండి.

కామెంట్లలో ఒకరు అడిగారు, అన్నా, పవర్ కట్ అయితే సెల్లార్‌లో జనరేటర్ వేస్తారు కదా, దాని పక్కనే మా జిమ్ ఉంది, ఫర్వాలేదా అని. తమ్ముడూ, ఫర్వా ఉంది. జనరేటర్ పొగ గొట్టం ఎక్కడికి పోతుందో చూసి, ఫోటో తీసి పంపు. అది సెల్లార్‌లోనే ముగుస్తుంటే కరెంటు పోగానే నువ్వు బయటికి వచ్చెయ్యి, సెట్టు మధ్యలో ఉన్నా సరే.

మినీ స్ప్లిట్ వాళ్లు వచ్చే మంగళవారం వస్తామన్నారు. గోడకి రంధ్రం ఎక్కడ పెట్టాలో నాన్న ఇప్పటికే చాక్‌పీస్‌తో గీసి పెట్టారు, బయటి యూనిట్‌కి నాలుగు వైపులా ఎంత ఖాళీ వదలాలో కూడా. గ్యారేజ్‌లో కొత్త సీఓ మీటర్ పెట్టా, వేడికి తట్టుకునేది, తక్కువ మోతాదు కూడా అంకెలతో చూపించేది. ప్రస్తుతానికి సున్నా చూపిస్తోంది, నాన్న రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసొస్తున్నారు. తర్వాతి ఎపిసోడ్ అక్కణ్ణుంచే. మిక్సీ ఆగింది, అమ్మ పిలుస్తోంది, వేడన్నంలో గోంగూర, వెళ్లాలి. ఉంటా మరి.